డ్రిల్లు సారుకు అందని పిల్లలు

కొత్తగూడెం ఆటల చరిత్ర ఎవరు చెప్పినా ప్రకాశం స్టేడియంతోనే మొదలుపెడతారు. సింగరేణి బొగ్గు కంపెనీ కప్పులు, కోల్ ఇండియా పోటీలకు పోయిన జట్లు, కబడ్డీలో ఎవరి కూత ఎంతసేపు నిలిచిందన్న ముచ్చట్లు. అదంతా పెద్దవాళ్ల చరిత్ర. ఆరేళ్ల పిల్ల ఒంటికాలి మీద తూలకుండా నిలబడటం ఎవరి దగ్గర నేర్చుకుందో అందులో దొరకదు. నేను పీఈటీగా, అంటే డ్రిల్లు సారుగా, చేసి రిటైరైనవాణ్ని. ఆరో తరగతికి వచ్చాకే పిల్లలు నా చేతికి అందేవాళ్లు. అప్పటికి మంచో చెడో సగం అలవాట్లు పడిపోయి ఉండేవి. కింది తరగతుల చరిత్ర మీద నాకు ధ్యాస పుట్టింది అందుకే.

ఇల్లందు దగ్గర బొగ్గు ఆనవాళ్లను 1871లో విలియం కింగ్ గుర్తించాడు, 1889లో తవ్వకం మొదలైంది. కంపెనీకి సింగరేణి కాలరీస్ అనే పేరు 1920 డిసెంబర్‌లో వచ్చింది. మా కొత్తగూడెంలో బొగ్గు బాయిలు పడింది 1930ల చివర్లో. కంపెనీకి పేరొచ్చిన ఆ 1920లోనే మద్రాసులో హ్యారీ క్రో బక్ అనే అమెరికన్ వైఎంసీఏ తరఫున వ్యాయామ ఉపాధ్యాయులకు శిక్షణ మొదలుపెట్టాడు. ఈ రెంటికీ సంబంధమేమీ లేదు. కాకపోతే రెండూ మా బళ్లోకే వచ్చి కలిశాయి. బక్‌కు ముందు బడిలో వ్యాయామమంటే చాలాచోట్ల పట్టాళం నుంచి దిగొచ్చిన హవల్దారు చేయించే కవాతే. ఆయన దాని పక్కన ఆటను నిలబెట్టాడు, మన ఆటలకూ చోటిచ్చాడు. ఆ గాలి హైస్కూళ్ల దాకా వచ్చింది. చిన్నబడికి మాత్రం పాత కవాతే మిగిలింది.

నా చిన్నప్పటి డ్రిల్లు పీరియడంటే సావధాన్, విశ్రామ్, దాయే ముడ్. ఎండలో వరసలు కట్టి చేతులు పైకి, పక్కకి, కిందికి. పంద్రాగస్టు దగ్గరపడితే డంబెల్సూ లేజిమూ బయటికొచ్చేవి. చూసేవాళ్లకు ముచ్చటే. వంద చేతులు ఒక్కసారి లేస్తే ఎవరికి ముచ్చటెయ్యదు? కానీ ఆ వరసలో నాకు కనిపించింది ముందున్నవాడి వీపే. వాడు తప్పుచేస్తే నేను సర్దాల్సిందేమీ లేదు. దాన్ని క్రమశిక్షణ అనండి, ఒప్పుకుంటాను. కలిసి ఆడటం అంటే మాత్రం ఒప్పుకోను.

కలిసి పనిచేయడమేమిటో మా ఇళ్లల్లో తెలుసు. మా నాయిన ఫిల్లరు. తట్టతో, చెమ్మస్ అనే పారతో బొగ్గు టబ్బులు నింపేవాడు. బాయిలో ఒకడు ఎత్తుతుంటే ఇంకొకడి చెవి కప్పు మీద ఉండేదట. కర్రతో తట్టినప్పుడు మోత బోలుగా వచ్చిందా, పక్కవాణ్ని లాగి బయటపడాల్సిందే. రాత్రి షిఫ్టు చేసొచ్చి పగలు పడుకునేవాడు కాబట్టి మేం ఇంటిముందు అరవడానికి లేదు. క్వార్టర్ల వెనక ఎర్రమట్టి జాగాయే మా గ్రౌండు. చిర్రగోనె, కోతికొమ్మచ్చి, చెడుగుడు అక్కడే. ఏ షిఫ్టు వాళ్ల ఇంటిముందు ఎప్పుడు నోరు మూసుకోవాలో బస్తీలో ప్రతి పిల్లకూ తెలుసు. అదీ ఒక రకం టీమ్‌వర్కే అనుకుంటాను.

డ్రిల్లు పీరియడు చెయ్యలేని పని ఖోఖో చేస్తుంది. తరిమే జట్టులో ఎనిమిది మంది ఒకరటూ ఒకరిటూ ముఖాలు పెట్టి గొంతుకూర్చుంటారు. లేచిన ఒక్కడు మధ్య గీత దాటకూడదు, పట్టిన దిక్కు మార్చకూడదు. అంటే ఎంత వేగంగా ఉరికేవాడైనా వాడొక్కడితో ఆట సాగదు. నడుస్తూ నడుస్తూ, అవతలి దిక్కుకు ముఖం పెట్టి కూర్చున్నవాడి వీపు తట్టి, ఖో అని, తన వంతు వాడికిచ్చి వాడి చోట తాను కూర్చోవాలి. చిన్నపిల్లలు మొదట చేసే తప్పొకటుంది. చెయ్యి తగలకముందే నోటితో ఖో అనేస్తారు. కూర్చున్నవాడు ఆ కేకకే లేచి ఉరుకుతాడు, ఫౌల్. దీనికి నేను కనిపెట్టిన మందు, కొన్నాళ్లు నోరు మూయించి చేత్తో మాత్రమే ఆడించడం. అప్పుడు కూర్చున్న పిల్ల వీపుతో వినడం మొదలుపెడుతుంది. ఒక్క మడమ లేపి, వేళ్ల మీద బరువుంచి, ఇప్పుడో ఇంకాసేపటికో అని కాచుకుంటుంది. ఆ కూర్చునే తీరు వస్తే పరుగు దానంతటదే వస్తుంది.

నియమం మార్చి నైపుణ్యం నేర్పడం నా సొంత తెలివి కాదు. హైదరాబాద్ సయ్యద్ అబ్దుల్ రహీం దగ్గర ఎరువు తెచ్చుకున్నది. 1951లో, 1962లో ఆసియా క్రీడల్లో భారత ఫుట్‌బాల్ జట్టుకు బంగారు పతకాలు తెచ్చిన కోచ్ ఆయన. అంతకుముందు కాచిగూడ మిడిల్ స్కూల్లో పంతులు. తర్వాత వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి బళ్లలో ఆటలు చూసుకున్నాడు. 1940ల్లో ఆయన చొరవతో హైదరాబాద్‌లో డ్రిబ్లింగ్ లేని టోర్నమెంట్లు పెట్టారు. బంతిని కాలికి అంటించుకుని ఒక్కడే పోవడానికి వీల్లేదు, పక్కవాడికి ఇవ్వాల్సిందే. చేతగాని కాలితోనే ఆడాలన్న పోటీలూ పెట్టించాడు. పంతులు బుద్ధి అంటే అదీ. ఉపన్యాసం ఇవ్వలేదు, ఆటనే అలా తయారుచేశాడు. పెద్ద జట్ల కోచ్‌గా ఆయన పేరు అందరూ చెబుతారు. ఆ పని మూడో తరగతికి ఎంత పనికొస్తుందో ఎవరూ చెప్పరు.

చెప్పినా వినడానికి అక్కడ ఎవరున్నారు? 2009 విద్యాహక్కు చట్టం ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలంది. వ్యాయామానికి పార్ట్‌టైమ్ ఇన్‌స్ట్రక్టర్ మాట మాత్రం ఆరు నుంచి ఎనిమిది తరగతులకే రాసింది, అదీ పిల్లలు వంద దాటితేనే. ఒకటి నుంచి అయిదు దాకా ఆ ఊసు లేదు. లెక్కలు చెప్పే టీచరమ్మే ఈల ఊదాలి. ఈలోగా మా బస్తీలూ మారిపోయాయి. 1990ల మొదట్లో లక్ష దాటిన సింగరేణి కార్మికుల సంఖ్య ఇప్పుడు నలభై వేల చిల్లర. క్వార్టర్లు ఖాళీ అయినచోట సాయంత్రం ఖోఖోకు సరిపడా పిల్లలే పోగవరు. వీధి నేర్పిన చదువు అక్కడితో ఆగింది.

నేర్పేవాళ్లు లేకపోయినా ఏరేవాళ్లున్నారు. హైదరాబాద్ దగ్గర హకీంపేటలో 1993లో పెట్టిన సర్కారు స్పోర్ట్స్ స్కూలు నాలుగో తరగతి కోసం పిల్లల్ని ఏరుకుంటుంది. ముప్పై మీటర్ల పరుగు, నిలబడి దూకే లాంగ్ జంప్, మెడిసిన్ బాల్, 800 మీటర్లు, పదేసి మీటర్లు ఆరుసార్లు ఉరికే షటిల్ రన్. నేను చూసినంతలో ప్రాథమిక బడి పిల్ల ఒంటిని సర్కారు గడియారం పట్టుకుని చూసేది అలాంటప్పుడే. ఆ పరీక్షలకు పోయే పిల్లల్ని ఇప్పటికీ కొందరు తల్లిదండ్రులు నా దగ్గరికి తెస్తారు. గట్టిగా ఉరికే పిల్లలే. షటిల్ రన్‌లో మాత్రం గీత దగ్గర నిటారుగా నిలబడి తిరగబోయి జారతారు. నడుము దించి, బయటి కాలు అడ్డంగా ఆనించి తిరగమని వాళ్లకు ఎవరూ చెప్పి ఉండరు. పరుగు పక్కనపెట్టి మొదట ఆ మలుపే చేయిస్తాను, ఇద్దరిద్దర్ని ఎదురెదురుగా నిలబెట్టి, ఒకరి కాలు ఒకరు చూసి చెప్పేలా.