జూపార్కు నుండి నల్లమలకు

పులిని, సింహమును బోనులో ఉంచి చూచుట రాజుల కాలపు వేడుక. జంతువును పెంచి దాని అడవికే మరల పంపుట మన కాలపు బాధ్యత. ఈ రెండింటి నడుమ ఎంత దూరమున్నదో తెలిసికొనుటకు హైదరాబాదు పాతబస్తీలోని నెహ్రూ జంతుప్రదర్శనశాల చరిత్రను మనము ఒకసారి పరికించుట మంచిది.

నిజాముల నాడు నగరములోని వన్యమృగములు బాగెఆంలో, అనగా నేటి పబ్లిక్ గార్డెన్సులో, ఉండెడివి. షికారుకు వచ్చినవారికి అవియు ఉద్యానములో ఒక అలంకారమే. 1959లో ప్రభుత్వము బహదూర్‌పురా వద్ద సుమారు 380 ఎకరముల విస్తీర్ణములో కొత్త ప్రదర్శనశాలకు పూనుకొన్నది. దాని ప్రక్కనే మీరాలం చెరువు. పందొమ్మిదవ శతాబ్ది ఆరంభమున 21 అర్ధవలయాకారపు వంపులతో కట్టిన దాని ఆనకట్ట నేటికిని చెక్కుచెదరక నిలిచియున్నది. 1963 అక్టోబరు 6వ తేదీన ప్రదర్శనశాలను ప్రజలకు తెరచినారు. పబ్లిక్ గార్డెన్సులోని జంతువులు ఇచ్చటికి తరలివచ్చినవి. ఇరుకు బోనుల స్థానమున ఆరుబయలు ఆవరణలు ఏర్పడినవి. ఇది మొదటి మార్పు.

రెండవ మార్పు జంతువులను చూచెడి దృష్టిలో వచ్చినది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము అమలులోనికి వచ్చినది. తరువాత నగరములోని కణజీవశాస్త్ర పరిశోధన కేంద్రము, అనగా సి.సి.ఎం.బి., అత్తాపూరు వద్ద అంతరించుచున్న జాతుల రక్షణకై ప్రత్యేకముగా ఒక ప్రయోగశాలను నెలకొల్పినది. 2007లో రాష్ట్రపతి అబ్దుల్ కలాం దానిని జాతికి అంకితము చేసినారు. ప్రదర్శనశాలకు జంతువులున్నవి, ప్రయోగశాలకు శాస్త్రమున్నది. ఈ రెండును చేతులు కలిపిన ఫలితమే కురుపంది కథ.

కురుపంది పేరునకు పంది యైనను పంది కాదు. పత్రికలు దీనిని మూషిక జింక యని వ్రాయుచున్నవి గాని, ఇది నిజమైన జింకయు కాదు. నెమరువేయు జంతువులలో మిక్కిలి ప్రాచీనమైన ఒక వేరు కుటుంబము దీనిది. బరువు రెండు మొదలు నాలుగు కిలోలు. ఎత్తు ఒక అడుగునకు మించదు. గోధుమవన్నె దేహముపై తెల్లని చుక్కలు, చారలు. కొమ్ములు లేవు; మగదానికి పైదవడనుండి చిన్న కోరలు పొడుచుకొని వచ్చును. పగలెల్ల పొదల చాటున నక్కియుండి, రాత్రి బయటికి వచ్చి రాలిన పండ్లను, ఆకులను తినును. వేటకును, అడవుల క్షీణతకును లోనై ఇది మన ప్రాంతపు అరణ్యములలో అరుదయ్యెను. పులి తగ్గినచో లోకమంతయు గమనించును. ఇట్టి పిరికి ప్రాణి మాయమైనను అడిగెడివాడుండడు.

2010లో నెహ్రూ జూపార్కులో దీని సంతానవృద్ధికి ప్రత్యేక కార్యక్రమము మొదలైనది. సందర్శకుల కోలాహలమునకు దూరముగా, చాటు గల ఆవరణలు కట్టినారు. చేతితో పట్టుకొన్నచో ఇది బెదరిపోవును గనుక, శాస్త్రజ్ఞులు దీని పెంటికలలోని హార్మోనులను పరీక్షించి గర్భధారణ వివరములు తెలిసికొన్నారు. తల్లి ఐదు నెలలు మోసి సాధారణముగా ఒక పిల్లనే కనును. కాని ప్రసవించిన కొలది గంటలలోనే మరల జతకట్టగలదు. ఈ రహస్యము తెలిసిన పిమ్మట వృద్ధి సులభమయ్యెను. కొలది జంతువులతో ఆరంభించిన మంద కాలక్రమమున రెండు వందలు దాటినది.

2017లో వానిలో కొన్నింటిని నల్లమలలోని అమ్రాబాదు పులుల అభయారణ్యమునకు తరలించినారు. జూపార్కులో పుట్టిన ప్రాణికి అడవి అపరిచితము గదా! అందువలన తొలుత అడవిలోనే కంచె వేసిన ఆవరణలో ఉంచి, అచ్చటి మేతకును వాతావరణమునకును అలవాటు చేసినారు.

దేశాంతరములలోను ఇట్టి ప్రయత్నములు కలవు. పాపువా న్యూగినీలోని హువాన్ ద్వీపకల్పమున చెట్లపై నివసించు ఒకజాతి కంగారూ కలదు. ఆస్ట్రేలియా మైదానములలో గంతులిడు కంగారూల బంధువే యైనను, దీని ముందుకాళ్ళు బలమైనవి, గోళ్ళు వంపు తిరిగినవి; పొడవైన తోకతో తూకము నిలుపుకొనుచు కొమ్మలపై తిరుగును. మాంసమునకై వేటాడుటచే ఇది తరిగిపోవుచుండగా, 1996లో అమెరికా జీవశాస్త్రజ్ఞురాలు లీసా డాబెక్ దీని రక్షణకు పూనుకొన్నారు. ఈ కార్యక్రమమునకు సియాటిల్ నగరపు జంతుప్రదర్శనశాల అండగా నిలిచినది. అచ్చట అడవులు గ్రామస్థుల వంశములకే చెందినవి. వారే వేట మానుటకు అంగీకరించి తమ భూములలో కొంత విడిచిపెట్టినారు. 2009లో ఆ దేశ ప్రభుత్వము లక్షా ఎనుబది వేల ఎకరములకు పైబడిన ఆ ప్రాంతమును తమ తొలి సంరక్షణ క్షేత్రముగా గుర్తించినది.

ఈ రెండు కథలను పోల్చినచో ఒక విషయము మనకు తేటపడును. హైదరాబాదులో ముందు పిల్లలను పెంచి, పిదప అడవి వైపు చూచినారు. హువాన్‌లో ముందు అడవిని, ఆ అడవి మనుష్యులను కూడగట్టినారు. శాస్త్రము పిల్లలను పుట్టింపగలదు గాని పొదలను మొలిపింపలేదు. నల్లమలలో వేసవి మంటలు చెలరేగినను, ఉచ్చులు పన్నినను, జూపార్కులో ఏండ్ల తరబడి చేసిన శ్రమ ఒక్క రాత్రిలో వ్యర్థము కావచ్చును. అచ్చట తరతరములుగా నివసించు చెంచులకు ప్రతి చెట్టును, ప్రతి అడుగుజాడయు తెలియును. వారి సహకారము లేక అడవికి కాపు లేదు.

సెలవు దినములలో మనము పిల్లలతో జూపార్కునకు పోయి సింహము గర్జన విని సంతోషింతుము. అది తగినదే. ఆ ఆవరణలోనే జనులకు కనబడక పెరిగి, అడవిదారి పట్టిన చిన్న ప్రాణి యొకటి కలదని కూడ మన పిల్లలకు చెప్పుదము.