బొలేరో పికప్, టాటా యోధా (పోలిక)

బొలేరో పికప్, టాటా యోధా భారతదేశంలో తయారయ్యే రెండు సరకు రవాణా పికప్ వాహనాలు. మొదటిది మహీంద్రా అండ్ మహీంద్రా సంస్థది, రెండవది టాటా మోటార్స్ సంస్థది. పూర్వపు గుంటూరు, ప్రకాశం జిల్లాలలోని మిర్చి, పత్తి పండే నేలలలో (2022లో పల్నాడు, బాపట్ల జిల్లాలుగా ఏర్పడిన భాగాలతో కలిపి) పికప్ కొనదలచిన రైతు గాని, కిరాయికి బండి తిప్పుకొని బ్రతకదలచిన యువకుడు గాని ఈ రెండింటిని పక్కపక్కన పెట్టి చూడడం పరిపాటి. పోలికలో సాధారణంగా ఇంజను శక్తి, ధర, మైలేజి ముందుకు వస్తాయి. కాని ఈ ప్రాంతపు సరకు స్వభావాన్ని బట్టి చూస్తే తొట్టి పొడవు, రిజిస్ట్రేషన్ పత్రంలో వ్రాసిన బరువు అంతకంటె ముఖ్యమైనవి.

పేరు గురించి

గుంటూరు ప్రాంతపు వాడుకలో ట్రక్కు అంటే ట్రాక్టరు వెనుక తగిలించే బండి. అందువలన పికప్‌ను ఇక్కడ ట్రక్కు అనరు. బొలేరో అనియో, వ్యాను అనియో అంటారు. ఏ సంస్థ పికప్ అయినా బొలేరో అనే పిలిచేవారు కూడా కలరు. మహీంద్రా 2000లో విడుదల చేసిన బొలేరో అనే ప్రయాణికుల వాహనం వేరు, దాని పేరుతో వచ్చిన ఈ సరకు వాహనం వేరు.

చరిత్ర

టాటా సంస్థ (అప్పటి పేరు టెల్కో) 1986లో 407 అనే చిన్న లారీని, 1988లో టాటామొబైల్ 206 అనే పికప్‌ను విడుదల చేసింది. సియెర్రా, ఎస్టేట్, సుమో వాహనాలకు ఈ పికప్పే మూలం. దాని తరువాత వచ్చిన 207 చాలా కాలం పల్లెదారులలో తిరిగింది. యోధా 2017 జనవరిలో వచ్చింది. 2022 సెప్టెంబరులో 2 టన్నులు మోయగల యోధా 2.0 విడుదలయింది. ఇప్పుడు యోధాలో 1200, 1500, 1700, 2000 కిలోల రకాలు కలవు.

మహీంద్రా చరిత్రలో తెలుగు నేలకు కొంత భాగమున్నది. 1980 దశకంలో జపాను సంస్థల సహకారంతో దేశంలో నాలుగు చిన్న లారీల కంపెనీలు వెలిశాయి. వాటిలో ఒకటైన ఆల్విన్ నిస్సాన్ కర్మాగారం జహీరాబాదులో ఉండేది. 1989లో దానిని మహీంద్రా తీసుకొన్నది. జీతో అనే చిన్న సరకు వాహనం 2015 నుండి అక్కడే తయారయింది. బొలేరో పికప్ మాత్రం జీపుల వంశానికి చెందినది. 2022 ఆగస్టులో మ్యాక్స్ పికప్ సిటీ, 2023 ఏప్రిల్‌లో సిటీ, హెచ్.డి. అను రెండు శ్రేణులు పూర్తిగా వచ్చాయి. మోయదగిన బరువు 1.3 టన్నుల నుండి 2 టన్నుల వరకు ఉంటుంది.

సరకు స్వభావం

ఎండు మిరపకాయ లోపల డొల్ల. అందుచేత మిర్చి టిక్కీ (గోతాం) చూడడానికి భారీగా ఉన్నా బరువు 40 నుండి 45 కిలోలే. యూరియా బస్తా బరువు కూడా 45 కిలోలే (2018కి ముందు 50 కిలోలు). కాని ఆ బస్తా మిర్చి టిక్కీ పక్కన పిల్లలా కనిపిస్తుంది. 1700 కిలోల బండిలో 37 యూరియా బస్తాలు వేస్తే బరువు హద్దు చేరుతుంది, తొట్టిలో చోటు మాత్రం ఇంకా మిగిలే ఉంటుంది. అదే బండిలో మిర్చి టిక్కీలు వేస్తే బరువు హద్దు చేరకముందే వరుసలు క్యాబిన్ దాటి పైకి లేస్తాయి. పత్తి సంగతి మరీ విపరీతం. విడి పత్తితో బోరేలు నిండుతాయి, బండి నిండుతుంది, కాటా మాత్రం కదలదు.

కనుక మిర్చి, పత్తి తోలేవారికి తొట్టి పొడవు ప్రధానం. మ్యాక్స్ పికప్ హెచ్.డి. శ్రేణిలో 3050 మిల్లీమీటర్ల (సుమారు 10 అడుగుల) పొడవున్న తొట్టి లభిస్తుంది. ఈ పనికి అది నిజమైన అనుకూలత. ఎరువులు, సిమెంటు, ధాన్యం తోలేవారికి ఆ అదనపు పొడవు వలన పెద్ద ప్రయోజనం లేదు. వారు మోయదగిన బరువునే చూసుకోవాలి. రెండు పనులూ చేయదలచినవారు తమకు ఏడాదిలో ఏ సరకు ఎక్కువ నెలలు దొరుకుతుందో ముందుగా లెక్క వేసుకోవాలి. ఈ చిన్న లెక్క వేయకుండా పెద్ద అంకె ఉన్న రకమే మంచిదని కొనేవారు తక్కువేమీ కాదు.

ఇంజను, అడుగుభాగం

యోధాలో 2.2 లీటర్ల డీజిల్ ఇంజను కలదు. దాని శక్తి 100 అశ్వశక్తులు, టార్కు 250 న్యూటన్ మీటర్లు. బొలేరో పికప్‌లో 2.5 లీటర్ల ఇంజను ఉంటుంది. రకాన్ని బట్టి దాని శక్తి 70 నుండి 80 అశ్వశక్తులు, టార్కు 200 లేక 220 న్యూటన్ మీటర్లు. కాగితం మీద యోధాదే పైచేయి. వినుకొండ, మార్కాపురం వైపు ఎత్తుపల్లాల దారులలో నిండు బరువుతో పోయేటపుడు ఈ తేడా తెలుస్తుంది. చిలకలూరిపేట నుండి గుంటూరుకు జాతీయ రహదారిపై పోయేవారికి అంతగా తెలియదు.

రెండింటికీ వెనుకవైపు కమాను కట్టలే. సాగరు కుడి కాలువ కట్టల దారులలో, కల్లాల బాటలలో తిరిగే బండికి ఇవే తగినవి. యోధాలో నాలుగు చక్రాలకూ శక్తి అందించే రకమొకటి ఉన్నది. అయితే అక్టోబరు వానకు నానిన నల్లరేగడిలో నిండు బరువుతో దిగితే ఏ పికప్ అయినా చివరకు ట్రాక్టరు సహాయంతోనే బయటపడవలసి ఉంటుంది.

2020 ఏప్రిల్ నుండి బి.ఎస్.6 ప్రమాణాలు అమలులోకి వచ్చిన తరువాత ఇంజన్లలో సెన్సర్లు పెరిగాయి. పాత 207ను ఊరి మెకానిక్ విప్పి బిగించగలిగేవాడు. ఇప్పటి బండిలో హెచ్చరిక దీపం వెలిగితే కంప్యూటరు తగిలించి చూడవలసిందే. అందుచేత తమ ఊరికి ఏ సంస్థ సర్వీసు కేంద్రం దగ్గర, విడిభాగాలు ఎక్కడ త్వరగా దొరుకుతాయి అన్నది ఇంజను అంకెలకంటె ఎక్కువగా విచారించదగిన విషయం. సీజనులో నాలుగు రోజులు బండి నిలిచిపోతే కిరాయి పోవడమే కాదు, వాడుక రైతు మరొక బండికి అలవాటు పడతాడు.

చట్టపరమైన విషయాలు

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 66 ప్రకారం స్థూల బరువు (బండి, సరకు కలిపి) 3,000 కిలోలు మించని సరకు వాహనానికి పర్మిట్ అవసరం లేదు. పికప్‌లలో కొన్ని రకాలు ఈ గీతకు లోపల, కొన్ని వెలుపల ఉంటాయి. ఒకే పేరుగల బండిలోనే ఈ తేడా రావచ్చు కనుక కొనేముందు స్థూల బరువు ఎంతో అడిగి తెలుసుకోవాలి.

లైసెన్సు విషయంలో చాలాకాలం సందిగ్ధం ఉండేది. తేలికపాటి మోటారు వాహనం లైసెన్సు ఉన్నవారు 7,500 కిలోల లోపు రవాణా వాహనాన్ని ప్రత్యేక అనుమతి లేకుండా నడపవచ్చునని సుప్రీంకోర్టు 2017లో ముకుంద్ దేవాంగన్ కేసులో చెప్పగా, 2024 నవంబరు 6న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దానిని ధ్రువపరచింది. ఈ రెండు బండ్లూ ఆ పరిమితికి చాలా లోపలివే.

2019 సవరణ తరువాత సెక్షన్ 194 ప్రకారం అధిక బరువుకు 20,000 రూపాయల జరిమానా, అదనపు ప్రతి టన్నుకు మరి 2,000 రూపాయలు. మిర్చి, పత్తి తోలేవారు గమనించవలసినది దాని పక్కనే ఉన్న 194(1ఎ) ఉపవిభాగం. బరువు హద్దులోనే ఉన్నా, సరకు తొట్టికి పక్కలకు గాని ముందు వెనుకలకు గాని అనుమతించిన ఎత్తుకు పైన గాని పొడుచుకొని ఉంటే అదే 20,000 రూపాయల జరిమానాకు అవకాశం ఉన్నది. కాటాలో బరువు సరిపోయిందని నిశ్చింతగా ఉండరాదు.

కూలీల రవాణా

జనవరి నుండి ఏప్రిల్ వరకు మిరపకోత. ఉదయం కూలీలను చేనుకు తీసుకుపోయిన బండే సాయంత్రం టిక్కీలతో తిరిగివస్తుంది. సరకు బండి తొట్టిలో మనుషులను ఎక్కించడం చట్టవిరుద్ధం. అయినా పల్లెలలో ఇది నిత్యం కనిపించే దృశ్యం. ఎక్కువమంది స్త్రీలు, కొందరు చంటిబిడ్డలతో. తొట్టిలో పట్టుకొనేందుకు ఏమీ ఉండదు, మలుపులో బండి ఒరిగితే అందరూ ఒకవైపుకే పడతారు.

బీమా ఈ సందర్భంలో ఆదుకోదు. సరకు వాహనంలో ఉచితంగా ఎక్కిన ప్రయాణికులకు పరిహారం చెల్లించే బాధ్యత బీమా సంస్థకు లేదని సుప్రీంకోర్టు 2002 డిసెంబరులో న్యూ ఇండియా అస్యూరెన్స్ – ఆశారాణి కేసులో తీర్పు చెప్పింది. సరకు యజమానికి, అతని ప్రతినిధికి మాత్రం 1994 సవరణ రక్షణ కల్పించింది. కొన్ని కేసులలో బీమా సంస్థ ముందు చెల్లించి తరువాత బండి యజమాని నుండి రాబట్టుకోవాలని కోర్టులు ఆదేశించాయి. ఎటు చూచినా భారం చివరకు యజమాని మీదికే వస్తుంది. రెండెకరాలు అమ్మినా తీరని భారం అది.

మనుషులను తీసుకుపోక తప్పనివారికి రెండు వరుసల సీట్లున్న రకాలు ఉన్నాయి: మహీంద్రాలో బొలేరో క్యాంపర్, టాటాలో యోధా క్రూ క్యాబ్. వీటిలో తొట్టి పొట్టిదవుతుంది. పది, పదిహేను మంది కూలీలకు ఇవి కూడా చాలవు. ఆ పనికి ప్రయాణికుల వాహనాన్ని కిరాయికి మాట్లాడుకోవడమే సక్రమమైన మార్గం. ఈ ఒక్క విషయంలో రెండు బండ్లలో ఏది మేలు అన్న ప్రశ్నకు తావు లేదు.

కొనాలా, కిరాయికి మాట్లాడుకోవాలా

ఎకరాకు 20 క్వింటాళ్ళ చొప్పున అయిదెకరాలలో 100 క్వింటాళ్ళు, అనగా 10 టన్నుల మిర్చి పండినదనుకొందాం. 1700 కిలోల బండికి అది ఆరు ట్రిప్పుల పని. ఆరు ట్రిప్పుల కోసం బండి కొనడం సమంజసం కాదు. మిగిలిన నెలలలో పురుగుమందులు, ఎరువులు, పాలు, కూరగాయలు వంటి కిరాయి నికరంగా దొరుకుతుందన్న నమ్మకం ఉన్నవారికే కొనుగోలు గిట్టుతుంది. గుంటూరు యార్డుకు వేసవిలో సెలవులు ఇస్తారన్నదీ, సీజను జోరులో బండి యార్డు బయట రాత్రంతా వరుసలో నిలబడవలసి వస్తుందన్నదీ ఈ లెక్కలో చేర్చుకోవాలి.

ధరల హెచ్చుతగ్గులు మరొకటి. 2023లో క్వింటాలు మిర్చి 20,000 రూపాయలు దాటి పలికింది. 2025 ఫిబ్రవరి నాటికి ధర ఎంతగా పడిపోయిందంటే, కేంద్రం మార్కెట్ జోక్యపు పథకం క్రింద 11,781 రూపాయల ధర ప్రకటించవలసి వచ్చింది. బండి అప్పు వాయిదా మాత్రం రెండేళ్ళలోనూ ఒకటే.

ఇతర పికప్‌లు

ప్రపంచంలో మధ్యతరహా పికప్ అనగానే స్ఫురించే ఇసుజు డి-మ్యాక్స్ వి-క్రాస్, టొయోటా హైలక్స్ కూడా మన దేశంలో అమ్ముడవుతున్నాయి. ఇసుజు కర్మాగారం 2016 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీసిటీలోనే ప్రారంభమయింది. 2022లో వచ్చిన హైలక్స్ ధర 33.99 లక్షల రూపాయల నుండి మొదలయింది. వీటిలో అయిదుగురు సుఖంగా కూర్చోవచ్చు, తొట్టి మాత్రం అయిదడుగులే. టిక్కీలు తోలడానికి ఇవి ఉద్దేశించినవి కావు. తక్కువ ధరలో కావలసినవారు టాటా ఇంట్రా వి50ను చూస్తారు. అది 1500 కిలోలు మోయగలదు.