హిజామా (కప్పింగ్ చికిత్స)

హిజామా చర్మంపై గిన్నెలు బోర్లించి, వాటిలోని గాలిని తీసేసి చేసే యునానీ చికిత్స. హైదరాబాద్‌లో చార్మినార్ పక్కనున్న ప్రభుత్వ నిజామియా జనరల్ ఆసుపత్రి, ఎర్రగడ్డలోని జాతీయ యునానీ చర్మవ్యాధుల పరిశోధన సంస్థ యునానీ వైద్యానికి పేరొందిన కేంద్రాలు. రక్తమోక్షణకు (ఒంట్లోంచి రక్తం తీసే చికిత్సకు) కొమ్ము, సొరబుర్ర, జలగలను వాడే పద్ధతులను ఆయుర్వేద గ్రంథం సుశ్రుత సంహిత కూడా వివరించింది.

రకాలు: పొడి హిజామాలో గిన్నెలు మాత్రమే పెడతారు. తడి హిజామాలో చర్మంపై సన్నని గాట్లు పెట్టి కొంత రక్తం తీస్తారు.

శరీరంపై ప్రభావం: గిన్నెలో పీడనం తగ్గడంతో చర్మం పైకి ఉబ్బుతుంది, అక్కడికి రక్తప్రసరణ పెరుగుతుంది. సన్నని రక్తనాళికలు చిట్లి గుండ్రని కమిలిన మచ్చలు పడతాయి. ఇవి కొద్ది రోజుల నుంచి రెండు వారాల్లో మానిపోతాయి. 2016 రియో ఒలింపిక్స్‌లో ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్ భుజాలపై కనిపించినవి ఇలాంటి మచ్చలే.

ఆధారాలు: మెడ, నడుము నొప్పులకు తాత్కాలిక ఉపశమనం ఉండవచ్చని కొన్ని పరిశోధనలు సూచించినా, వాటి నాణ్యత తక్కువ. ఒంట్లోని విషపదార్థాలు బయటికి పోతాయన్న వాదనకు శాస్త్రీయ రుజువు లేదు.

జాగ్రత్తలు: రక్తహీనత, రక్తం గడ్డకట్టని జబ్బులు ఉన్నవారు, రక్తం పలుచబరిచే మందులు వాడేవారు తడి హిజామా చేయించుకోకూడదు. గర్భిణులు ముందుగా డాక్టరును అడగాలి. బ్లేడు, గిన్నెలు ఒకరికి వాడినవి మరొకరికి వాడితే హెపటైటిస్ వంటి అంటువ్యాధులు సోకే ముప్పుంది. బీపీ, షుగర్ మందులు మానేసి దీన్నే నమ్ముకోవడం ప్రమాదకరం.