నవలలో తన బ్రదుకు: వట్టికోట ఆళ్వారుస్వామి

తన బ్రదుకును కథగా వ్రాయుట సులువని పలువురకు తోచును. కావలసిన సామగ్రి యంతయు ఇంటిలోనే యున్నది గదా! కాని ఆ పనికి పూనుకొన్నవారికి రెండు ప్రమాదములు ఎదురగును. తాను పడిన కష్టములను తలచుకొని కంటతడి పెట్టుట యొకటి; తాను సాధించినదానిని చూచుకొని మురియుట రెండవది. పదునాలుగు, పదునారేండ్ల వయస్సులోనున్న పాఠకులు ఈ రెండింటిని వెంటనే పసిగట్టుదురు. బాల్యపు కథలు వారికి చాలవు. పెద్దల నీతివాక్యములు వారికి రుచింపవు. ఆ వయస్సు వారికి నచ్చునట్లు స్వానుభవమును నవలగా మలచుట యెట్లు? ఈ ప్రశ్నకు తెలంగాణములో వట్టికోట ఆళ్వారుస్వామి జీవితము మంచి సమాధానము చెప్పుచున్నది.

వారు 1915 నవంబరు 1వ తేదీన నల్లగొండ జిల్లాలో, నకిరేకల్లుకు సమీపమున నున్న చెరువు మాదారము గ్రామమున జన్మించిరి. చిన్ననాటనే తండ్రి గతించుటచే చదువు సాగలేదు. ఒక ఉపాధ్యాయుని ఇంట వంటపని చేయుచు నాలుగక్షరములు నేర్చుకొనిరి. పిమ్మట విజయవాడలో ఒక హోటలులో సర్వరుగా నుండిరి. దొరికిన పుస్తకమునెల్ల చదివిరి. హైదరాబాదు చేరి గోలకొండ పత్రికలో ప్రూఫులు దిద్దిరి. 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి ముప్పదికి పైగా పుస్తకములు వెలువరించిరి. వానిని తామే మోసికొని వీథుల వెంబడి తిరిగి అమ్మిరి.

తరువాతి ఘట్టము చెరసాల. 1942 ఉద్యమములో ఒకసారి, 1946 నుండి 1951 వరకు మరియొకసారి వారు నిర్బంధమున నుండిరి. పలు జైళ్లు తిరిగిరి. వానిలో మా నిజామాబాదు జైలు కూడ నొకటి. అచ్చట వారికి తోడుగా నున్నవారు కవి దాశరథి. కాగితము లేని చోట జైలు గోడయే దాశరథికి పలకయైనది, బొగ్గే కలమైనది. 1949లో వెలువడిన తన తొలి కావ్యము ‘అగ్నిధార’ను ఆయన ఆళ్వారుస్వామికే అంకితమిచ్చెను.

ఇన్ని కష్టములు పడిన మనుష్యుడు విడుదలయైన పిదప ఏమి వ్రాయును? తన గాథ వ్రాసికొనునని మనము తలంతుము. వారు అట్లు చేయలేదు. ‘జైలు లోపల’ యను కథల సంపుటిలో ప్రధానముగా కనబడువారు సాటి ఖైదీలు. నేరము చేసి వచ్చిన మనుష్యుని వెనుక ఏ ఆకలి యున్నది, ఏ అవమానమున్నది, సంఘము వానిని ఎట్లు అచ్చటికి నెట్టినది యను విచారణయే ఆ కథలకు ప్రాణము. చెరసాల వారిది, కథ ఇతరులది.

‘ప్రజల మనిషి’ నవల 1955లో వెలువడినది. దిమ్మెగూడెము అను పల్లె, దాని దొర రామభూపాలరావు, ఆ దొరతనమునకు ఎదురు నిలిచిన యువకుడు కంఠీరవము — ఇది స్థూలముగా కథ. కాలము 1930 తరువాతి సంవత్సరములు. వెట్టి, భగేలా, మతము మార్చుకొనుట, గ్రంథాలయములు, ఆంధ్ర మహాసభ — ఇవన్నియు కథలో అల్లుకొని యున్నవి. కొద్దిపాటి అప్పునకు మనిషి ఏండ్ల తరబడి ఋణదాత ఇంట జీతము లేక పనిచేయుటయే భగేలా. 1936లో నిజాము ప్రభుత్వము ఈ ఒప్పందములపై నిబంధన చేసినది. పల్లెలలో మాత్రము ఆచారము అంత త్వరగా తొలగలేదు. ఆ మరుసటి యేడు, 1937లో, ఆరవ ఆంధ్ర మహాసభ మందుముల నరసింగరావుగారి అధ్యక్షతన నిజామాబాదులోనే జరిగినది. అనగా నవలలోని సంగతులు మా జిల్లాకు దూరపువి కావు.

ఈ నవలలో ఆళ్వారుస్వామి తమ పేరుతో కనబడరు. వైష్ణవ కుటుంబమున పుట్టిన వారగుటచే అర్చకుల ఇంటి మాటతీరు వారికి తెలియును. పరుల ఇంట పనిచేసినవారగుటచే పిలుపులో ఎంత చులకన దాగియుండునో తెలియును. పుస్తకములు మోసినవారగుటచే ఒక పుస్తకము పల్లెలో అడుగుపెట్టిన పిదప ఏమి జరుగునో తెలియును. ఈ తెలిసిన దానినంతయు వారు పదిమంది పాత్రలకు పంచి యిచ్చిరి. స్వానుభవము నవలకు ఉపకరించుట ఇట్లే యని మా అభిప్రాయము. కష్టము తనదే కావచ్చును. దానిని అనుభవించినవాడు తానొక్కడే కాడని గ్రహించినపుడే అది కథయగును.

ఈ నవల కిశోరుల కొరకని పేరు పెట్టి వ్రాసినది కాదు. అయినను ఆ వయస్సు వారికి ఇది తగిన పుస్తకము. ఇంటి కట్టుబాటొకవైపు, ఊరి అన్యాయమొకవైపు నిలిచినపుడు ఏ పక్షము వహింపవలెనను ప్రశ్న యౌవనారంభముననే పుట్టును. కంఠీరవమునకు పుట్టినది ఆ ప్రశ్నయే.

రెండవ నవల ‘గంగు’ ముగియకమునుపే, 1961 ఫిబ్రవరి 5వ తేదీన ఆళ్వారుస్వామి కాలధర్మము నొందిరి. తెలంగాణ జీవితమును వరుసగా నవలలలో చిత్రింపవలెనను వారి సంకల్పమును దాశరథి రంగాచార్యులు చేపట్టి ‘చిల్లర దేవుళ్లు’, ‘మోదుగుపూలు’, ‘జనపదం’ వ్రాసిరి.

మా బీర్కూరు మంజీరా తీరమున నున్నది. 1931లో పూర్తియైన నిజాంసాగరు నీటితో ఈ ప్రాంతపు పొలములు పచ్చబడినవి. గడి, దొర, వెట్టి యను మాటలు ఇచ్చటి ముసలివారి నోట ఇంకను అప్పుడప్పుడు వినవచ్చును. కాని వెట్టి చేసిన తరము దాదాపు గడచిపోయినది. ఆ మాటల వెనుకనున్న మనుష్యులను నేటి పిల్లలు పుస్తకములలోనే చూడవలసియున్నది. అందుచే వ్రాయదలచిన యువతీయువకులకు మేము చెప్పగలిగినది ఇంతే: మొదట తమ ఇంటి అవ్వను, తాతను కూర్చుండబెట్టి, వారి తల్లిదండ్రులు ఎవరి పొలమున పనిచేసిరో, ఎవరి ముందు చెప్పులు విడిచి నడిచిరో అడుగవలెను. విన్నదానిని విన్నట్లు ఒక నోటుపుస్తకములో వ్రాసికొనవలెను. తమ సంగతి తరువాత వ్రాయవచ్చును. అప్పటికి దానిని చెప్పుటకు తగిన మాటలు కూడ వారికి దొరకియుండును.