జెర్రిపోతు

జెర్రిపోతు (శాస్త్రీయ నామం: టయాస్ మ్యుకోసా) భారతదేశంలో విస్తారంగా కనిపించే ఒక విషరహిత సర్పము. దీనిని జెర్రిగొడ్డు అని కూడా అంటారు. ఇది కొలుబ్రిడే కుటుంబానికి చెందినది. 1758లో లిన్నేయస్ ఈ జాతిని శాస్త్రీయంగా వర్ణించాడు. గోదావరి డెల్టాలోని కోనసీమలో, అనగా అమలాపురం, రాజోలు, కొత్తపేట పరిసరాలలోని కొబ్బరితోటలు, వరిచేలు, కాలువగట్లు దీనికి అనువైన ఆవాసాలు. ఎలుకలను తిని రైతుకు మేలు చేసే ఈ పామును నాగుపాముగా పొరబడి చంపివేయడం తరచుగా జరుగుతుంది.

లక్షణాలు

పెరిగిన జెర్రిపోతు సాధారణంగా ఒకటిన్నర నుండి రెండు మీటర్ల పొడవు ఉంటుంది. అంతకు మించినవి కూడా ఉన్నాయి. రంగు గోధుమ, పసుపు, బూడిద, నలుపు ఛాయలలో ఉంటుంది. శరీరపు వెనుక భాగంలో నల్లని అడ్డగీతలు, పెదవి పొలుసుల అంచున నల్లని గీతలు ఉంటాయి. కళ్ళు పెద్దవి, కనుపాప గుండ్రము. దీనికి పడగ లేదు. బెదిరినపుడు మెడను ఉబ్బించి బుసకొడుతుంది. చూసేవారు దీనినే పడగగా భ్రమిస్తారు.

ఆహారం

జెర్రిపోతు పగటిపూట వేటాడుతుంది. ఎలుకలు, కప్పలు, తొండలు, పక్షులు, గ్రుడ్లు దీని ఆహారం. పిల్లపాములు ఎక్కువగా కప్పలను తింటాయి. ఇది కొండచిలువ వలె ఎరను చుట్టి బిగించదు. తన బరువుతో నేలకు అదిమిపట్టి, ఒక్కొక్కప్పుడు ప్రాణంతో ఉండగానే మింగుతుంది. చెట్లను కూడా ఎక్కగలదు. ఎలుకలు వరి దుబ్బులను కొరుకుతాయి, గట్లలో కలుగులు త్రవ్వుతాయి, కొబ్బరిచెట్టు మొవ్వులోకి చేరి లేతకాయలను పాడుచేస్తాయి. కలుగులలోకి సైతం దూరి వాటిని పట్టగలగడం ఈ పాము ప్రత్యేకత.

కుబుసం

పాము పెరుగుతున్నకొద్దీ పైచర్మపు పొరను విడిచిపెడుతుంది. దీనినే కుబుసం అంటారు. పిల్లపాములు తరచుగాను, పెద్దవి తక్కువసార్లు కుబుసం విడుస్తాయి. విడవడానికి కొన్ని రోజుల ముందు చర్మం వన్నె తగ్గి, కళ్ళు పాలనీలి రంగుకు మారతాయి. ఆ సమయంలో చూపు మందగించడం వలన పాము చాటున ఉంటుంది, త్వరగా బెదురుతుంది. పిమ్మట కళ్ళు తేటపడతాయి. పాము మూతిని గరుకైన వస్తువుకు రాసి, తల వైపు నుండి పొరను లోపలిభాగం బయటకు వచ్చేలా విడుస్తుంది. కంటిని కప్పే పారదర్శకమైన పొలుసు కూడా కుబుసంతో పాటు వస్తుంది. గాలిలో తేమ చాలకపోతే కుబుసం ముక్కలుగా ఊడుతుంది. అతుక్కున్న పొరను చేతితో లాగితే క్రింది చర్మం గాయపడుతుంది. విడిచిన కుబుసం సాగి ఉంటుంది కాబట్టి దాని పొడవు పాము అసలు పొడవు కంటె ఎక్కువ.

కొబ్బరిడొక్కల కుప్పలో కుబుసం కనిపిస్తే అక్కడికి ఏదో పాము వచ్చిందని మాత్రమే అర్థం. అది విషసర్పానిది కూడా కావచ్చు. అటువంటి చోట చేయి పెట్టకుండా కర్రతో కదిలించి చూడడం మంచిది.

సంతానోత్పత్తి, అపోహలు

ఆడపాము సాధారణంగా 6 నుండి 15 గ్రుడ్లు పెడుతుంది. అవి సుమారు రెండు నెలలలో పొదుగుతాయి. రెండు పాములు పెనవేసుకొని పైకి లేవడం చాలాసార్లు మగపాముల మధ్య జరిగే బలపరీక్ష. దానిని ప్రజలు జోడుకట్టడంగా భావిస్తారు. జెర్రిపోతు నాగుపాముతో జతకడుతుందని, తోకతో కొడుతుందని, ఆవుపొదుగు నుండి పాలు త్రాగుతుందని చెప్పే మాటలకు ఆధారం లేదు. పాలు పాముల ఆహారం కాదు. నాగులచవితికి తెచ్చే పాములు పాలు త్రాగితే అది దాహం వలననే.

పట్టుకోవడం, పెంపకం

జెర్రిపోతు మిక్కిలి చురుకైనది. పట్టుకోబోతే పలుమార్లు కరుస్తుంది. దాని కాటులో ప్రాణాపాయం లేకపోయినా, కరిచినది ఏ పామో రూఢిగా తెలియనపుడు కాలయాపన చేయక ఆసుపత్రికి వెళ్ళాలి. కాటువేసిన చోట కోయడం, గట్టిగా కట్టుకట్టడం ప్రమాదకరము. బోనులో పెట్టిన జెర్రిపోతు మూతిని గోడలకు రాసుకొని గాయపరచుకుంటుంది, తరచు ఆహారం మానివేస్తుంది.

పశ్చిమ, మధ్య ఆఫ్రికాకు చెందిన బాల్ పైథాన్‌ను అనేక దేశాలలో పెంపుడు పాముగా ఉంచుకుంటారు. భారతదేశంలో అటువంటి విదేశీ జాతులను ఉంచుకొనేవారు 2022 నాటి సవరణ చట్టం ప్రకారం అధికారులకు తెలిపి నమోదు చేయించాలి. స్వదేశీ సర్పమైన జెర్రిపోతుకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ కల్పిస్తుంది. దీనిని పట్టడం, చంపడం, అనుమతి లేకుండా పెంచడం నేరము.

సంరక్షణ

పూర్వం చర్మం కొరకు ఈ పాములను పెద్దసంఖ్యలో చంపేవారు. 1976లో భారత ప్రభుత్వం పాముచర్మాల ఎగుమతిని నిషేధించింది. నేడు భయంతో చంపడం, విషం తిన్న ఎలుకలను మింగడం, రహదారులపై వాహనాల క్రింద పడడం దీనికి ముప్పుగా ఉన్నాయి. తోటలో జెర్రిపోతు కనిపించినపుడు దానికి దారి ఇస్తే చాలు, తనంతట తాను తొలగిపోతుంది. ఇంటిలోకి వస్తే అటవీశాఖకు తెలియజేయాలి.

ఇవి కూడా చూడండి

నాగుపాము
కట్లపాము
కొండచిలువ
కోనసీమ