సీసపు గుండ్ల పోత

గొట్టం మూతి నుంచి మందు దట్టించి పేల్చే పాతకాలపు తుపాకుల కోసం కరిగిన సీసాన్ని చేతి మూసలో పోసి గుండ్లు తయారుచేసే పద్ధతి సీసపు గుండ్ల పోత. సీసం 327.5 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది కనుక కట్టెల పొయ్యి సరిపోతుంది. 18వ శతాబ్దపు అమెరికాలో పెన్సిల్వేనియా రైఫిల్‌తోపాటు దాని గొట్టానికి సరిపడే మూసనూ ఇచ్చేవారు. పటకారులా తెరుచుకునే మూసలో రెండు అర్ధగోళపు గుంటలుంటాయి. మూస వేడెక్కకపోతే గుండు ముడతలు పడుతుంది. అటువంటి తొలి గుండ్లను మళ్లీ కరిగిస్తారు. పోత రంధ్రం వద్ద మిగిలిన తోకను కత్తిరిస్తారు. గుండు గొట్టం లోపలి వెడల్పు కన్నా కాస్త చిన్నది. ఆ సందును జిడ్డు పట్టించిన గుడ్డముక్క పూడుస్తుంది. 0.50 అంగుళాల గొట్టానికి వాడే 0.490 అంగుళాల గుండు బరువు సుమారు 11.5 గ్రాములు. 1776 జులై 9న న్యూయార్క్‌లో కూల్చిన బ్రిటన్ రాజు మూడవ జార్జ్ విగ్రహపు సీసంతో కనెక్టికట్‌లోని లిచ్‌ఫీల్డ్‌లో 42,088 గుండ్లు పోసినట్లు నమోదైంది.