నల్ల రంగే ఎందుకు?

చెక్క విమానం బొమ్మ చేసినవాళ్ళెవరైనా చివర్లో రంగులేసి, గుర్తులు దిద్ది మురిసిపోతారు. 1942లో అమెరికా నౌకాదళం మాత్రం ఆ ముచ్చటే వద్దంది.

కారణముంది. 1941 డిసెంబరు 7న పెర్ల్ హార్బర్ మీద దాడి జరిగింది కదా. ఆ రాత్రే ఎంటర్‌ప్రైజ్ నౌక తాలూకు విమానాలు దిగబోతుంటే, శత్రువులవనుకుని సొంతవాళ్ళే కాల్చేశారు. ముగ్గురు పైలట్లు పోయారు.

కొన్ని వారాలకే అక్కడి హైస్కూలు పిల్లలకి ఒక పని పడింది. 50 రకాల విమానాలు, ఒక్కో రకం 10,000 చొప్పున, మొత్తం 5 లక్షల చెక్క బొమ్మలు కావాలి. సైజు అసలుదాంట్లో 72వ వంతు. చెక్కాలి, సాండ్ పేపర్‌తో నున్నగా రుద్దాలి, పైన నల్ల రంగు వెయ్యాలి. అంతే!

ఆకాశంలో ఎదురువెలుగులో రంగులేం కనపడతాయి? ఆకారమొక్కటే దిక్కు. 35 అడుగుల దూరంలో పట్టుకున్న బొమ్మ, దాదాపు అర మైలు దూరంలోని అసలు విమానంలా కనపడుతుంది (35ని 72తో గుణించి చూడండి). రెక్క కాస్త లావైతే గన్నర్ తప్పు నేర్చుకుంటాడు. అందుకే టెంప్లేట్లతో సరిచూసేవాళ్ళు.

డెమో ముందురోజు స్క్రీన్ రంగులు మారుస్తూ కూర్చున్నప్పుడల్లా నాకీ నల్ల బొమ్మలే గుర్తొస్తాయి. వాడేవాడికి ఏం కనపడాలో వాళ్ళు ముందే తేల్చుకున్నారు. మనమో?